తలుపు తీయించు దొంగలు

2024వ సంవత్సరమొక్కదానిలోనే సైబర్ నేరగాండ్ర వలన మన దేశ ప్రజలు పోగొట్టుకొన్న ధనము 22,800 కోట్ల రూపాయలకు పైబడినదని కేంద్ర హోం మంత్రిత్వ శాఖ పార్లమెంటునకు తెలియజేసినది. అంతకు ముందటి యేట ఆ మొత్తము దాదాపు 7,500 కోట్లు. ఈ అంకెలు భయము గొల్పునవే యైనను, అంతకంటె ఎక్కువగా మనలను ఆలోచింపజేయవలసినది ఆ ధనము పోయిన రీతి. బ్యాంకుల యంత్రములను ఛేదించి, అర్ధరాత్రమున ఎవ్వరికిని తెలియకుండ అపహరించిన సొమ్ముకంటె, పట్టపగలు, యజమాని మెలకువతో కూర్చుండియుండగా, ఆయన వ్రేలితోనే మీట నొక్కించి, ఆయన నోటితోనే రహస్యపు అంకెలు పలికించి తీసికొనిపోయిన సొమ్మే అధికము. నేటి దొంగ తాళము పగులగొట్టువాడు కాడు, ఇంటివారి చేతనే తలుపు తీయించువాడు. అందుచేత ఫోనును, ఖాతాలను కాపాడుకొనుటను గూర్చి చెప్పబూనినవాడు యంత్రముకంటె ముందు మనుష్యుని భయమును గూర్చియు, తొందరను గూర్చియు చెప్పవలసియున్నది.

‘డిజిటల్ అరెస్టు’ అను పేరు నేడు పల్లెలలో సైతము వినబడుచున్నది. దాని నడకను కొంచెము దగ్గరగా చూతము, ఏలయన తక్కిన మోసములకెల్ల బీజములు ఇందులోనే కలవు. రాజమహేంద్రవరమున విశ్రాంతి దినములు గడుపుచున్న ఉపాధ్యాయుడొకడున్నాడనుకొందము; ఇట్టివారి ఫిర్యాదులన్నియు ఇంచుమించు ఒకే అచ్చున నుండును. ఉదయము పది గంటలకు ఫోను మ్రోగును. తాము కొరియరు సంస్థవారమనియు, ఆయన ఆధార్ సంఖ్యతో విదేశమునకు పంపిన పొట్లములో మాదకద్రవ్యములు దొరకినవనియు మర్యాదగల కంఠమొకటి చెప్పును. ఆయన కంగారుపడి, తనకేమియు తెలియదనగానే, “అయ్యో, మీ పేరు ఎవరో వాడుకుని ఉంటారు సార్. పోలీసులతో మాట్లాడండి, లైను నేనే కలుపుతాను” అని ఆ కంఠమే సానుభూతి చూపును. తరువాత వచ్చునది వీడియో కాల్. తెరమీద ఖాకీ దుస్తులు, వెనుక గోడపై ప్రభుత్వ చిహ్నము, బల్లమీద దస్త్రముల కట్టలు. ఆ అధికారి ఈయన పేరును, తండ్రి పేరును, ఆధార్ సంఖ్యను ఒక్క తప్పు లేకుండ చదువును. ఆ వివరములు ఎన్నడో ఎక్కడినుండియో బయటికి పొక్కిన జాబితాలలోనివని ఈయన ఎరుగడు. అంతలో సుప్రీంకోర్టు ముద్రగల ఉత్తరువొకటి వాట్సాప్‌లో దిగును. “ఇది రహస్యంగా నడుస్తున్న కేసు. ఇంట్లో ఎవరికి చెప్పినా వాళ్ల మీద కూడా కేసు పెట్టాల్సి వస్తుంది. గదిలోకి వెళ్లి తలుపు వేసుకోండి, కెమెరా ఆపొద్దు” అని ఆజ్ఞ యగును. వెలుపలినుండి కోడలు, “మామయ్యగారూ, టిఫిను చల్లారిపోతోంది” అని పిలిచినపుడు తెరమీది మనుష్యుడు పెదవులపై వ్రేలుంచి చూపును. ఈయన, “ఆకలి లేదమ్మా” అనును. ఆ ఒక్క మాటతో ఆయనకును ఆయనను రక్షింపగలవారికిని నడుమ నున్న త్రోవ మూసికొనిపోయినది. మధ్యాహ్నమునకు బ్యాంకుకు పోయి, ఫిక్స్‌డ్ డిపాజిట్టు రద్దు చేయించి, పరిశీలన ముగియగానే సొమ్ము తిరిగి జమపడునను నమ్మకముతో ఎవరిదో తెలియని ఖాతాకు పంపివేయును. కౌంటరులోని ఉద్యోగి ఎందుకని అడిగినచో మనుమరాలి చదువునకని చెప్పవలెనని కూడ ఆయనకు ముందే నేర్పియుందురు.

మన చట్టములలో డిజిటల్ అరెస్టు అనునది లేనే లేదు. పోలీసులు గాని, సీబీఐవారు గాని, ఈడీ, కస్టమ్స్ అధికారులు గాని వీడియో కాల్‌లో ఎవరినిని నిర్బంధింపరు. ఖాతాలోని సొమ్మును ‘పరిశీలన’ కొరకు మరియొక ఖాతాకు పంపుమని ఏ న్యాయస్థానమును కోరదు. 2024 అక్టోబరు 27వ తేదీని ‘మన్ కీ బాత్’ ప్రసంగమున ప్రధానమంత్రియే ఈ విషయమును దేశమునకు చెప్పి, ఆగుడు, ఆలోచింపుడు, ఆపైన చర్య తీసికొనుడని హెచ్చరించెను. మరుసటి యేట హర్యానాలోని అంబాలాకు చెందిన వృద్ధ దంపతులు, సుప్రీంకోర్టు పేరిట కల్పించిన దొంగ ఉత్తరువులను నమ్మి కోటి రూపాయలకు పైగా పోగొట్టుకొన్న ఉదంతము తెలియవచ్చి, ఆ న్యాయస్థానము తనంతట తానే అక్టోబరులో విచారణకు పూనుకొని, డిసెంబరులో ఈ నేరముల దర్యాప్తును సీబీఐకి అప్పగించినది. ఇంత జరిగినను, మోసపోయినవారిని అత్యాశాపరులనియు, తెలివిలేనివారనియు తీసివేయువారు మనలో నున్నారు. ఇది క్రూరమైన మాట, అసత్యమైన మాట కూడ. డిజిటల్ అరెస్టులో ఆశకు తావేలేదు. ఒక్కనాడైనను ఠాణా మెట్లెక్కక, పన్ను ఎగవేయక, పరువే ప్రాణముగా బ్రదికినవారు ఆ పరువునకు భంగము వచ్చునను భయము చేతనే ఇందులో చిక్కుకొనుచున్నారు. వారి సద్గుణమే దొంగకు పనిముట్టు అగుచున్నది.

ఆ ఖాకీ దుస్తుల వెనుకనున్న మనుష్యుడెవడను ప్రశ్నకు వచ్చిన సమాధానము మన తెలుగునాటిని తాకినది. కొంతకాలము క్రితము వరకు ఇట్టి నేరములనగానే జార్ఖండులోని జామ్‌తాడా పేరు చెప్పెడివారు. తరువాత కంబోడియా, మయన్మార్ దేశములలో ఎత్తైన ప్రహరీల నడుమ వేలకొలది జనులను కూర్చుండబెట్టి నడుపు మోసపు కర్మాగారములు బయటపడినవి. 2024 మే నెలలో విశాఖపట్నము పోలీసులు, డేటా ఎంట్రీ ఉద్యోగములని చెప్పి ఉత్తరాంధ్ర యువకులను కంబోడియాకు చేరవేసిన ఏజెంట్లను పట్టుకొన్నపుడు, ఆ యువకుల పాస్‌పోర్టులు లాగుకొని, తమ భాషవారినే మోసగింపుమని వారిని హింసించిన సంగతి లోకమునకు తెలిసినది. అదే నెలలో అక్కడ భారతీయులు తిరుగబడగా, మన రాయబార కార్యాలయము అనేకులను స్వదేశమునకు చేర్చినది. విదేశోద్యోగమనగానే అప్పుచేసి ఏజెంటు చేతిలో లక్షలు పోయు తల్లిదండ్రులు ఈ సంగతి తెలిసికొనవలెను. ఫోనులో స్వచ్ఛమైన తెలుగున, మన జిల్లా యాసతో మాటలాడుచున్నాడు గనుక నమ్మదగినవాడని తలచువారును తెలిసికొనవలెను.

భయముతో గాక స్నేహముతో వచ్చు దొంగయు కలడు. ఎవరో మనలను అడుగకయే ఒక వాట్సాప్ లేదా టెలిగ్రామ్ బృందమున చేర్తురు. అందులో ‘గురువుగారు’ ఏ షేరు కొనవలెనో దినమును చెప్పుచుండును. తక్కిన సభ్యులు తమ లాభముల చిత్రములను పెట్టి కృతజ్ఞతలు తెలుపుచుందురు. ఆ సభ్యులలో అధికులు ఆ ముఠావారే. వారిచ్చిన యాప్‌లో మన లక్ష రూపాయలు పది దినములలో రెండు లక్షలైనట్లు కనబడును, కాని అది తెరమీది అంకె మాత్రమే, దాని వెనుక షేరును లేదు, మార్కెట్టును లేదు. తీసికొనబోయినపుడు పన్ను కట్టుమందురు, రుసుము కట్టుమందురు. డబ్బు తీసికొనుటకు ముందుగా డబ్బు కట్టుమన్న చోట ఇంక ఒక్క రూపాయి యైనను పంపరాదు. ఎవరైనను మదుపు సలహా నిచ్చినచో వారికి సెబీ నమోదు కలదో లేదో సెబీవారి వెబ్‌సైటున చూడవచ్చును. ఆ పని ఐదు నిమిషములది.

2016లో మొదలైన యూపీఐ మన సంతలను, కూరగాయల బండ్లను సైతము మార్చివేసినది. అది గొప్ప సౌకర్యము. దానిని మానుకొనుమనువారితో నేను ఏకీభవింపను. కాని దానిని వాడు ప్రతివారికిని ఒక్క నియమము కంఠస్థమై యుండవలెను: డబ్బు పంపుటకే పిన్ కావలెను, డబ్బు వచ్చుటకు పిన్ అక్కరలేదు. పాత మంచము అమ్మకమునకు పెట్టినవానికి, “నేను మిలిటరీలో పనిచేస్తున్నాను, అడ్వాన్సు పంపుతున్నాను, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి” అని ఎవడో చెప్పును. స్కాన్ చేసి పిన్ కొట్టిన క్షణమున డబ్బు పోవునే గాని రాదు. ఎదుటివాడు మనలను డబ్బు కోరుచు పంపు ‘కలెక్ట్’ అభ్యర్థనలను వ్యక్తుల నడుమ 2025 అక్టోబరు 1 నుండి నిలిపివేసిరి. ఆ త్రోవ మూతపడినను క్యూఆర్ కోడ్ త్రోవ తెరచియే యున్నది. ఓటీపీ సంగతియు ఇట్టిదే. అది మన సంతకమునకు బదులు వచ్చు అంకె. ఎవనికి చెప్పినను ఖాళీ కాగితముపై చేవ్రాలు చేసి యిచ్చినట్లే. బ్యాంకువారికి దానిని మనవద్దనుండి తెలిసికొనవలసిన పని యెన్నడును లేదు. బ్యాంకు వెబ్‌సైటు చిరునామాను కూడ పరికించుట నేర్చుకొనవలెను: 2025 అక్టోబరు 31 నాటికి మన బ్యాంకులన్నియు తమ చిరునామాలను ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ అను ముగింపునకు మార్చుకొనవలెనని రిజర్వు బ్యాంకు ఆదేశించినది. ఆ ముగింపు నమోదైన బ్యాంకులకు మాత్రమే లభించును.

ఇటీవల పెండ్లిండ్ల ఋతువున వ్యాపించుచున్న మోసమొకటి ప్రత్యేకముగ చెప్పదగినది. తెలియని సంఖ్యనుండియో, ఒక్కొక్కపుడు తెలిసిన బంధువు సంఖ్యనుండియే, వాట్సాప్‌లో శుభలేఖ వచ్చును. దానిపేరు చివర ‘డాట్ ఏపీకే’ అని యుండును. శుభలేఖ యనునది బొమ్మయో, పీడీఎఫ్ పత్రమో, వీడియోయో కావలెను. ఏపీకే అనునది ఆండ్రాయిడ్ ఫోనులో ప్రవేశపెట్టు యాప్. దానిని నొక్కినచో, తెలియనిచోటి యాప్‌ను అనుమతింతువా అని ఫోను మొదట అడుగును. ఔనన్నచో, మీ సందేశములు చదువవచ్చునా అని ఆ యాప్ అడుగును. మరల ఔనన్నచో, చూపు తక్కువవారి సౌకర్యమునకై ఏర్పరచిన ‘యాక్సెసిబిలిటీ’ అధికారమును గూడ కోరును. ఈ అధికారములు చేజిక్కిన పిమ్మట తెరమీద మనము చూచునదెల్ల దొంగయు చూడగలడు, మన బదులు మీటలు నొక్కగలడు, బ్యాంకునుండి వచ్చిన ఓటీపీని మనకంటె ముందే చదువగలడు. పైగా మన ఫోనునుండి మన బంధువులందరికి అదే శుభలేఖను పంపగలడు. మేనమామ పేరిట వచ్చిన ఆహ్వానమును ఎవరు సందేహింతురు? ట్రాఫిక్ చలానాయనియు, పీఎం కిసాన్ జాబితాయనియు, బ్యాంకు కేవైసీయనియు వచ్చు ఏపీకేలు ఈ కుదురులోనివే. పొరపాటున నొక్కినవారు వెంటనే ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వై-ఫై కూడ ఆగినదో లేదో చూచి, మరియొకరి ఫోనునుండి బ్యాంకుకు చెప్పి ఖాతాను ఆపించి, ఆ మీదట ఆ యాప్‌ను తొలగింపవలెను. తొలగుటకు అది మొరాయించినచో ఫోటోలను భద్రపరచుకొని ఫోనును ఫ్యాక్టరీ రీసెట్ చేయుటయే క్షేమము. సహాయము చేయుదుననుచు ఎవడో ఎనీడెస్క్ వంటి యాప్ పెట్టించుకొనుమన్నచో, అదియు మన తెరను వానికి అప్పగించుటయే యగును. ఆ యాప్ స్వతః మంచిదే కావచ్చును, అడుగువాడు మంచివాడు కాడు.

వీటన్నిటికి మూలమున నున్నది మన ఫోను నంబరు. బ్యాంకు, ఆధార్, వాట్సాప్, ఈమెయిల్ అన్నియు ఆ పది అంకెలనే నమ్ముకొనియున్నవి గనుక, నంబరు పరుల వశమైనచో సర్వమును వశమైనట్లే. మన పేరిట దొంగ పత్రములు చూపి కొత్త సిమ్ తీసికొన్నచో మన చేతిలోని సిమ్ ప్రాణము కోల్పోవును. కావున ఊరిలో అందరికి సిగ్నల్ ఉండగా మన ఫోనుకు మాత్రమే గంటల తరబడి లేనిచో, దానిని టవరు తప్పిదమని సరిపెట్టుకొనక వెంటనే విచారింపవలెను. పార్సిల్ తెచ్చితిననువాడు *401* అని మొదలగు సంఖ్యను నొక్కుమన్నచో నొక్కరాదు. అది మన కాల్స్‌ను వాని నంబరునకు మళ్లించు సంకేతము. అట్లు మళ్లిన పిమ్మట వాట్సాప్ తన ధ్రువీకరణ అంకెలను కాల్ చేసి చెప్పినచో అది వాని చెవిని పడును. మరునాడు మన స్నేహితులందరికి మన పేరిట “అర్జెంటుగా ఇరవై వేలు కావాలి” అను సందేశము పోవును. మన కాల్స్ ఎక్కడికైన మళ్లుచున్నవేమో *#21# నొక్కి చూడవచ్చును. వాట్సాప్ సెట్టింగులలో ‘టూ స్టెప్ వెరిఫికేషన్’ అను చోట ఆరంకెల పిన్ ఏర్పరచుకొన్నవాని ఖాతాను ఇంత సులభముగ అపహరింపజాలరు. టెలికాం శాఖ 2023 మే నెలలో ప్రారంభించిన ‘సంచార్ సాథీ’ వెబ్‌సైటులో మన పేరిట ఎన్ని సిమ్ములున్నవో చూచుకొని, మనవి కానివాటిని రద్దు చేయించవచ్చును, పోయిన ఫోనును అందు నమోదు చేసినచో దేశములోని ఏ నెట్‌వర్కుమీదను అది పనిచేయదు. అందులకు ఆ ఫోను ఐఎంఈఐ సంఖ్య కావలెను. *#06# నొక్కినచో అది తెరమీద కనబడును; ఫోను చేతిలో నున్నపుడే ఒక పుస్తకమున వ్రాసికొనవలెను.

పాస్‌వర్డుల చరిత్ర చిత్రమైనది. అమెరికాలోని ఎంఐటీలో 1961 ప్రాంతమున ఫెర్నాండో కోర్బాటో అను శాస్త్రజ్ఞుడు, ఒకే కంప్యూటరును పలువురు పంచుకొనునపుడు ఎవరి దస్త్రములు వారికే యుండుటకై పాస్‌వర్డును వాడుకలోనికి తెచ్చెను; మరుసటి యేటనే ఆలన్ షెర్ అను విద్యార్థి తనకు కేటాయించిన కాలము చాలక, పాస్‌వర్డుల పట్టికనంతటిని అచ్చు వేయించుకొనెను. పుట్టిన మరునాటినుండియే దొంగతనమునకు గురియైన ఈ సాధనము ఆరు దశాబ్దముల పిమ్మటను మన ఆస్తిపాస్తులకు కావలియై యున్నది. 2003లో అమెరికా ప్రమాణముల సంస్థకు మార్గదర్శక సూత్రములు వ్రాసిన బిల్ బర్, పెద్దక్షరము, అంకె, గుర్తు కలిపి పెట్టుమనియు, అప్పుడప్పుడు మార్చుచుండుమనియు చెప్పెను. లోకమంతయు దానిని పాటించి ఎవరికిని గుర్తుండని పాస్‌వర్డులతో విసిగినది. 2017లో ఆ సంస్థ తన సూత్రములను మార్చి, నిడివియే బలమనియు, కారణము లేనిదే తరచు మార్పించుట వలన మేలు లేదనియు ప్రకటించెను. బర్ మహాశయుడును తన పాత సలహాకు విచారము వెలిబుచ్చెను. 2009లో రాక్‌యూ అను సంస్థనుండి 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డులు బయటపడగా, వాటిలో అన్నిటికంటె ఎక్కువమంది వాడినది 123456. నేటికిని అనేకులు దానిని వదలలేదు.

మనకు ఇందులో ఒక సదుపాయము కలదు. ఒకదానితో ఒకటి పొందుపడని నాలుగైదు తెలుగు మాటలను ఇంగ్లీషు లిపిలో కలిపి వ్రాసినచో అది దీర్ఘమును, గుర్తుండునదియు, ఊహింపరానిదియు నగును. సినిమా పాట పల్లవియు, దేవుని పేరును, పుట్టిన తేదీయు, పిల్లల పేర్లును పనికిరావు. ఆ మాటలు దొంగల పట్టికలలో ఇదివరకే చేరియున్నవి. అన్ని ఖాతాలకు ఒకే పాస్‌వర్డు పెట్టుట మహాపరాధము, ఏలయన ఏదో బట్టల దుకాణపు వెబ్‌సైటునుండి అది పొక్కినచో దొంగలు దానినే ఈమెయిల్‌కును, బ్యాంకుకును వేసి చూతురు. ఈమెయిల్ పాస్‌వర్డు అన్నిటికంటె దృఢమై, వేరొకచోట వాడనిదై యుండవలెను. ‘పాస్‌వర్డు మరచితిని’ అను మీటను నొక్కినపుడు తక్కిన ఖాతాలన్నియు ఆ ఈమెయిల్‌కే తాళపుచెవులు పంపును గదా. ఇన్ని గుర్తుంచుకొనలేనివారికి పాస్‌వర్డ్ మేనేజరు యాప్‌లున్నవి. యాప్‌లతో పడనివారు నోటుపుస్తకమున వ్రాసి బీరువాలో పెట్టి తాళము వేసినను నేను తప్పుపట్టను. కంబోడియాలో నున్న దొంగ మీ బీరువా తెరువలేడు. ఆ పుస్తకమును ఫోటో తీసి ఫోనులో మాత్రము ఉంచరాదు. వీలున్నచోటనెల్ల రెండవ అంచె ధ్రువీకరణ పెట్టుకొనవలెను. పాస్‌కీ అను క్రొత్త పద్ధతిలో టైపు చేయవలసిన రహస్యమే లేదు గనుక, దొంగ వెబ్‌సైటులో దానిని పొరపాటున ఇచ్చివేయుటయు సంభవింపదు.

పాస్‌వర్డు పొక్కినచో మార్చవచ్చును, వ్రేలిముద్రను మార్చుటెట్లు? 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారమునకు చెందిన సిమ్ కార్డుల వ్యాపారి యొకడు, తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో అందరికి అందుబాటున నున్న భూమి దస్తావేజులను దింపుకొని, వాటిలోని వ్రేలిముద్రలతో రబ్బరు స్టాంపులు చేయించి, వాటినే యంత్రముపై ఒత్తి వేలకొలది సిమ్ములను జనుల పేరిట చలామణిలోనికి తెచ్చెను. భూమి కొనునపుడు తాత వేసిన వేలిముద్ర ఇట్లు పరుల చేతిలో ముద్రికయై పోవునని ఎవరు తలంచియుందురు? ఆధార్ ద్వారా నగదు తీయు పద్ధతిలో ఆధార్ సంఖ్య, బ్యాంకు పేరు, వ్రేలిముద్ర యున్నచో చాలును. అందు ఓటీపీ రాదు. పల్లెలలోని వృద్ధులకు పింఛను చేతికందించు ఈ పద్ధతి మేలైనదే. దానినే నకిలీ ముద్రలతో దొంగలు వాడుకొనుచున్నారు. ఆధార్ సంస్థవారి యాప్‌లో గాని వెబ్‌సైటులో గాని ‘బయోమెట్రిక్ లాక్’ అనునది కలదు. దానిని వేసినచో వ్రేలిముద్రతో ఎవ్వరును ఏమియు చేయలేరు, మనకు కావలసినపుడు తాత్కాలికముగ తెరచుకొనవచ్చును. నెలనెల వ్రేలిముద్రతోనే డబ్బు తీసికొనువారికి ఇది చిక్కే గాని, పట్టణములలో ఏటీఎం వాడువారికి దీనివలన ఏ ఇబ్బందియు లేదు. హోటలులోను, జిరాక్సు దుకాణములోను ఆధార్ ప్రతి ఇయ్యవలసి వచ్చినపుడు చివరి నాలుగంకెలు మాత్రమే కనబడు ‘మాస్క్‌డ్ ఆధార్’ ఇయ్యవచ్చును. ఫోనుకు ఎప్పటికప్పుడు వచ్చు అప్‌డేట్లను వాయిదా వేయకుండుట, తెరకు తాళము వేయుట, ఫోటోలకు మరియొకచోట ప్రతి యుంచుట అందరికి తెలిసినవే, చేయుటయే మిగిలినది.

ఇంత జాగ్రత్తగ నున్నను ఒకనాడు సొమ్ము పోవచ్చును. అప్పుడు మొట్టమొదట చేయవలసినది సైబర్ నేరముల ఫిర్యాదులకై ఏర్పరచిన 1930 నంబరునకు ఫోను చేయుట. దొంగిలిన డబ్బు ఒకచోట నిలువదు; మొదటి ఖాతానుండి ఐదింటికి, ఆ ఐదింటినుండి యిరువదింటికి నిమిషములలో చీలిపోయి, చివరకు ఏదో ఏటీఎంలో నగదుగనో, క్రిప్టోగనో మారును. 1930లో ఫిర్యాదు నమోదు కాగానే ఆ బ్యాంకులన్నిటికి ఒకేసారి సమాచారము పోయి, డబ్బు ఎక్కడ కనబడిన అక్కడ స్తంభింపజేయుదురు. మొదటి గంటలో చెప్పినవానికి సొమ్ము దక్కు ఆశ మెండు. మరునాడు చెప్పినవానికి బహు స్వల్పము. పిమ్మట సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో వ్రాతపూర్వకముగ ఫిర్యాదిచ్చి, బ్యాంకునకును తెలియజేసి రశీదు సంఖ్య తీసికొనవలెను. 2017 జూలై 6వ తేదీని రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తరువు ప్రకారము, తప్పు ఖాతాదారునిదియు, బ్యాంకుదియు కాక మూడవవారివలన సొమ్ము పోయినపుడు మూడు పనిదినములలో తెలియజేసినచో ఖాతాదారుడు ఏమియు నష్టపోనక్కరలేదు. మనమే ఓటీపీ చెప్పియున్నచో ఫిర్యాదు చేయువరకు నష్టము మనది, చేసిన తరువాత కలుగు నష్టము బ్యాంకుది. అందుచేత తప్పు తనదే యని తలచువాడు మరింత త్వరపడవలెను. ఈ సందర్భమున కాలేజీ విద్యార్థులకొక మాట. నెలకు కొన్ని వేలిత్తుము, నీ ఖాతాను, ఏటీఎం కార్డును మాకిమ్మని అడుగువారు చెప్పు ‘వ్యాపారము’ ఇదియే. మొదట చెప్పిన ఉపాధ్యాయుని డిపాజిట్టు సొమ్ము చేరునది ఆ ఖాతాలలోనికే, పోలీసులు మొట్టమొదట తలుపు తట్టునదియు ఆ విద్యార్థి యింటనే.

ఇన్ని చెప్పిన పిమ్మట నన్నధికముగ బాధించు సంగతి యొకటి మిగిలియున్నది. సొమ్ము పోయినవారు దానిని చెప్పుకొనరు. కుమారుడు తిట్టునని తండ్రి, భర్త ఎత్తిపొడుచునని భార్య, అందరు నవ్వుదురని ఉద్యోగి దినముల తరబడి మ్రింగుకొని కూర్చుందురు. ఫిర్యాదునకు పనికివచ్చు గంటలన్నియు ఆ మౌనములోనే గడచిపోవును. లోన్ యాప్‌వారు మార్చిన ఫోటోలు పంపి బెదరించినపుడు, ఆ సిగ్గుతో ప్రాణములు తీసికొన్న యువతీయువకులు మన రెండు రాష్ట్రములలోను ఉన్నారు. దొంగ ఎవ్వరికిని చెప్పవద్దని ఆజ్ఞాపించుటలోని యుక్తి యిదియే. మనుష్యుని ఒంటరిని చేయుటకై వాడు మొదలిడిన పనిని మన యింటివారి నాలుక పూర్తి చేయుచున్నది. “ఇంత చదువుకుని ఎలా నమ్మావు?” అను ప్రశ్న పోయిన డబ్బును తేలేదు సరిగదా, మరియొక పర్యాయము ఆపద వచ్చినపుడు ఆ మనుష్యుడు నోరు విప్పకుండ చేయును. ఆ మాటకు బదులు, “ఎంత సేపయింది? 1930కి ఇప్పుడే చేద్దాం” అనగలిగిన యింట నష్టము సగమైనను తగ్గు నవకాశము కలదు.

కావున పాస్‌వర్డులకంటె ముందు కుటుంబములో కొన్ని మాటలు ఒప్పుకొనవలసియున్నది. ఎవరైనను, ఎంత పెద్ద అధికారినని చెప్పినను, ఫోను పెట్టివేయుట అమర్యాద కాదని ఇంటి పెద్దలకు పిల్లలే చెప్పవలెను. ఎదుటివాడు మాటలాడుచుండగా ఫోను పెట్టివేయుట వారి తరమువారికి నిజముగ కష్టము. కంఠమును యంత్రముతో అనుకరింపగల దినములు వచ్చినవి గనుక, “నాన్నా, యాక్సిడెంటైంది, డబ్బు పంపు” అను ఏడుపు వినబడినపుడు అడుగుటకు ఇంటివారికి మాత్రమే తెలిసిన ఒక రహస్యపు మాటను ఏర్పరచుకొనవలెను. హైదరాబాదునుండియో, బెంగుళూరునుండియో పండుగకు వచ్చిన పిల్లలు ఒక పూట కూర్చుండి, తల్లిదండ్రుల ఫోనులో అక్కరలేని యాప్‌లు తీసివేసి, వాట్సాప్ పిన్ పెట్టి, యూపీఐలో దినమునకు పంపగల పరిమితిని తగ్గించి, ఫిక్స్‌డ్ డిపాజిట్టు ఉన్న ఖాతాను యూపీఐనుండి విడదీసి పోవలెను. అమెరికాలో నున్నవారి విషయమున మరియొక చిక్కు కలదు. గుంటూరులో ఉదయము పదిగంటలు, బెదరింపు కాల్ వచ్చు వేళ, డల్లాసులో రాత్రి చాల ప్రొద్దుపోయిన వేళ. బిడ్డ నిద్ర చెడగొట్టుట యెందుకని తల్లి ఫోను చేయక ఊరకుండును. బ్యాంకుకు బయలుదేరుటకు ముందు ఏ వేళనైనను తనను లేపి తీరవలెనని, లేపినందుకు విసుగుకొననని, ఆ బిడ్డయే ముందుగా ఆమెతో చెప్పి, ఆమెచేత సరే ననిపించుకొనవలెను.